మాన్యుఫాక్చరర్ కాని ఆశన్న

వస్తువు చేసినవాడి పేరు ఆ వస్తువు మీద లేకపోవడం మన దేశానికి జరిగిన గొప్ప మేలు. ఇది నోటికొచ్చినట్టు అంటున్న మాట కాదు. కామారెడ్డి బస్టాండులో ఎల్లారెడ్డి బస్సు కోసం గంటంబావు నిలబడి, చేతిలో ఉన్న అప్పడాల ప్యాకెట్టు వెనక చిన్న అక్షరాలన్నీ చదివి, లోతుగా ఆలోచించాక తేలిన సత్యం.

ఆ ప్యాకెట్టు మీద ‘మాన్యుఫాక్చర్డ్ బై’ అని ఒక పెద్దమనిషి పేరుంది. ఆయన పుట్టి బుద్ధెరిగాక అప్పడాల కర్ర పట్టి ఉండడు. ఒత్తింది ఒక గల్లీలో నలభై మంది ఆడవాళ్ళు. ఇప్పుడా నలభై పేర్లూ అచ్చు వేశారనుకోండి, ప్యాకెట్టులో అప్పడాలకు చోటెక్కడిది?

బీడీకట్ట తీసుకోండి. ఆకు కత్తిరించి, చుట్టి, దారం కట్టే మనిషి ఒకరు. కట్ట మీద ఫోటో మీసాల యజమానిది. ఆ మీసాలు తీసేసి, కూర్చుని కూర్చుని నడుము వంగిన ఆడమనిషి ఫోటో వేస్తే బీడీ తాగేవాడికి తృప్తి ఉంటుందా? వ్యాపారం నడవద్దా?

కాబట్టి మాన్యుఫాక్చరర్ అనే ఇంగ్లీషు మాటను మనం నెత్తిన పెట్టుకోవాలి. చెమట ఒకరిది, పేరు ఒకరిది అని ఇంత శుభ్రంగా పంచి పెట్టిన మాట మన భాషలో దొరకదు. ఈ సుఖం అర్థం కాక ఎల్లారెడ్డిలో ఒక మనిషి రెండేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగాడు. పేరు ఆశన్న. అతనికి ఏం జరిగిందో చెబితే మీకే తెలుస్తుంది.

ఆశన్నది కమ్మరి కొలిమి. ఊళ్ళో దిగి నాలుగడుగులు వేస్తే రేకుల షెడ్డు, దాని ముందు తుప్పు పట్టిన లారీ కమాను పట్టీల కుప్ప కనిపిస్తాయి. కొడవలి చేస్తే ఆ పట్టీతోనే చెయ్యాలని అతని పట్టుదల. పదేళ్ళు లారీ కింద బరువు మోసి, గుంతల్లో ఎగిరెగిరి పడ్డ ఇనుముకు ఓపిక ఎక్కువని అతని నమ్మకం. ముక్క కోసి, కొలిమిలో ఎర్రగా కాల్చి, పటకారుతో పట్టి దాగలి మీద పెట్టి, ఎక్కడ దెబ్బ పడాలో చిన్న సుత్తెతో తాకి చూపిస్తాడు. ఎదురుగా నిలబడి అక్కడ సమ్మెటతో కొట్టేది అతని భార్య యాదవ్వ.

ఇరవై ఆరేళ్ళ కాపురంలో వాళ్ళిద్దరూ నోటితో మాట్లాడుకున్న దానికంటే సుత్తెతో మాట్లాడుకున్నదే ఎక్కువ. చిన్న సుత్తె దాగలి మీద ఉత్తగా ఒకసారి మోగితే ఆగమని. రెండుసార్లు మోగితే ఇంకా గట్టిగా కొట్టమని. పోట్లాడుకున్న రోజుల్లో కూడా ఆ లెక్క తప్పలేదు.

కొడవళ్ళు ఎక్కువగా కొనేది కామారెడ్డిలో ఇనుప సామాన్ల దుకాణం ఉన్న భూపాల్ సేటు. రెండు నెలలకోసారి ఆటో పంపి రెండు వందలు తెప్పించుకుంటాడు. పిడికి ఆకుపచ్చ రంగు వేయించి, దాని మీద స్టిక్కరు అంటిస్తాడు. ఆశన్న ఒకసారి దుకాణానికి వెళ్ళినప్పుడు ఆ స్టిక్కరు చూశాడు.

“ఏంది సేటు ఇది?”

“మాన్యుఫాక్చర్డ్ బై అని రాసుంటది. ఉండాలె, రూలు.”

“అంటె?”

“అంటె మన దుకాణం పేరు.”

ఆశన్నకు అందులో అభ్యంతరం ఏమీ కనపడలేదు. పెద్ద దుకాణం, మంచి స్టిక్కరు. కొడవలికి కొత్త బట్టలు తొడిగినట్టు ఉందనుకుని వచ్చేశాడు. అప్పటికి అతనికి బుద్ధి సరిగ్గానే పనిచేస్తోంది.

తర్వాత యాదవ్వ కుడి భుజం పట్టేసింది. కామారెడ్డిలో డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూసి, “ఏం పని చేస్తవమ్మా?” అని అడిగాడు.

“ఇంట్ల పనే సారూ,” అంది యాదవ్వ. సమ్మెట కొట్టడం కూడా పని కింద వస్తుందని ఆమెకు ఎప్పుడూ తోచలేదు.

ఇంటిపని తగ్గించమన్నాడు డాక్టరు. ఆమె చెప్పినట్టే విన్నది. వంట కూతురికి అప్పజెప్పి, ఆ మిగిలిన పొద్దు కూడా సమ్మెట పట్టింది. రెండోసారి వెళ్ళినప్పుడు ఆశన్న ఉన్న సంగతి చెప్పాడు. “ఇంకో రెండేండ్లు గిట్లనే కొడితే ఈ చెయ్యి మీదికి లేవది,” అన్నాడు డాక్టరు.

దారి లేకపోలేదు. కరెంటుతో నడిచే సుత్తె ఉంటుంది, పవర్ హ్యామర్. పాతది ఒకటి నిజామాబాదులో అమ్మకానికి ఉందని ఆశన్న వాకబు చేసుకున్నాడు. కానీ అది నడవాలంటే త్రీ ఫేజ్ కరెంటు కావాలి. ఆ కరెంటు రావాలంటే షెడ్డు చిన్న పరిశ్రమ అని కాగితం కావాలి. ఆ కాగితం పుట్టాలంటే ఆశన్న మాన్యుఫాక్చరర్ అయి ఉండాలి.

కామారెడ్డిలో ఒక ఆఫీసు. ఏ ఆఫీసని అడక్కండి, మీకు తెలిసినదే ఒకటి అనుకోండి. ఫారం ముందు పెట్టుకున్న సారు కలం మూత తీశాడు.

“మాన్యుఫాక్చరింగా, ట్రేడింగా, సర్వీసా?”

“కమ్మరి, సారూ.”

“ఈ మూడిట్ల ఏదో ఒకటి చెప్పాలె.”

“కొడవళ్ళు చేస్త సారూ. గొడ్డళ్ళు, పారలు.”

“మిషన్లు ఏమున్నయ్?”

“మిషను కొరకే వచ్చిన.”

“మిషను లేకుంటె మాన్యుఫాక్చరింగ్ ఎట్లయితది?”

“మాన్యుఫాక్చరింగ్ కాకుంటె మిషను నడువది గద సారూ.”

“అవును,” అన్నాడు సారు, తన మాట ఎదుటివాడికి ఇంత తొందరగా అర్థమైనందుకు సంతోషించి.

అయినా దరఖాస్తు తీసుకున్నారు. తనిఖీకి ఒక మనిషి ఎల్లారెడ్డి వచ్చాడు. ఆ పూట కొలిమిలో గొడ్డలి కాలుతోంది. యాదవ్వ సమ్మెట ఎత్తుతోంది, దింపుతోంది, ఎత్తేటప్పుడు పళ్ళు కరుచుకుంటోంది. నిప్పురవ్వలు చొక్కా మీద పడకుండా తనిఖీ మనిషి దూరంగా కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. చాయ్ తాగాడు. ఇంట్లో కొబ్బరికాయ కొట్టడానికి మంచి కత్తి లేదని మాటల్లో అన్నాడు. ఆశన్న గొడ్డలి పక్కన పెట్టి, ఆయన కళ్ళ ముందే కత్తి చేసి, నీళ్ళల్లో ముంచి, పదును పెట్టి, పాత పేపరులో చుట్టి ఇచ్చాడు.

మూడు వారాలకు కాగితం వచ్చింది. ‘తనిఖీ సమయంలో సదరు స్థలంలో ఎలాంటి మాన్యుఫాక్చరింగ్ కార్యకలాపం గమనించబడలేదు. దరఖాస్తు తిరస్కరించడమైనది.’

దీన్ని తప్పు పట్టడానికి ఏముంది? అక్కడ మోటారు చప్పుడు లేదు. బోర్డు లేదు. తలకు ప్లాస్టిక్ టోపీలు లేవు. ఉన్నదల్లా నిప్పు, ఇనుము, ఇద్దరు మనుషులు. కళ్ళున్న ఆఫీసరెవరైనా ఇంకేం రాస్తాడు?

ఆశన్న కూతురు సింధూజ అప్పటికి కామారెడ్డిలో డిగ్రీ మొదటి ఏడు చదువుతోంది. రోజూ పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు వస్తుంది. ఆ కాగితం చూసి ఆ అమ్మాయికి కోపమొచ్చింది. ఫోనులో డిక్షనరీ తీసింది.

“బాపు, ఇది లాటిన్ల కెళ్ళి వచ్చిన మాట. మాను అంటె చేత్తోని. ఫాక్చర్ అంటె చేసుడు. చేత్తోని చేసుడు, అంతే. అసలు అర్థం గదే.”

“మన దిక్కు మాను అంటె పని మానుకొమ్మనుడు,” అంది యాదవ్వ భుజానికి నూనె రాసుకుంటూ. “పని మానినోళ్ళకే ఇస్తరేమో ఆ పేరు.”

ఆశన్న మాత్రం శ్రద్ధగా విన్నాడు. “ఆ లాటిన్ ఏ దిక్కు మాట్లాడుతరు బిడ్డా?”

“ఎక్కడ మాట్లాడరు బాపు. ఎప్పుడో పోయిన భాష.”

“మరి మన ఆఫీసుల ఎట్ల చెల్లుతది?” అని లేచి బొగ్గులు సర్దుకున్నాడు.

డిక్షనరీలో ఆ మాటకు ఇంకో అర్థం కూడా ఉంది. లేనిదాన్ని ఉన్నట్టు పుట్టించడం. సాక్ష్యాలూ సాకులూ అబద్ధాలూ తయారు చెయ్యడాన్ని కూడా ఇంగ్లీషువాళ్ళు అదే మాటతో చెబుతారట. సింధూజ అదీ చదివి వినిపించింది గానీ ఆ పూట ఎవరూ పట్టించుకోలేదు.

ఆఫీసుల చుట్టూ తిరుగుతుండగానే రెండేళ్ళు గడిచాయి. ఆ దసరా పోయాక ఒక రోజు పోస్టుమ్యాన్ రిజిస్టరు ఉత్తరం తెచ్చాడు. సంతకం పెట్టించుకుంటూ పైన ఉన్న అడ్రసు గట్టిగా చదివాడు. ‘శ్రీ ఆశన్న, మాన్యుఫాక్చరర్, ఎల్లారెడ్డి.’

ఆశన్న మళ్ళీ చదవమన్నాడు. పోస్టుమ్యాన్ మళ్ళీ అదే చదివాడు.

లోపల ఉన్నది ఇంగ్లీషు. సింధూజ వచ్చేదాకా ఆగాలి. అయినా పేరు పక్కన ఆ మాట ఉన్నాక ఇంకేం కావాలి? యాదవ్వ ఉత్తరాన్ని దేవుడి పటం ముందు పెట్టింది. పక్కింటివాళ్ళకు చాయ్ పెట్టింది. ఆశన్న షెడ్డు మూల ఖాళీ చేసి, సుత్తె మిషను ఎక్కడ పెట్టాలో బొగ్గుతో నేల మీద గీత గీశాడు. రెండేళ్ళ తిప్పలు ఫలించాయని ఇద్దరికీ ఆ పూట అన్నం ఎక్కువే సయించింది.

సింధూజ సాయంత్రం బస్సు దిగి వచ్చి ఉత్తరం చదివింది. నిలబడి మొదలుపెట్టింది, మధ్యలో కూర్చుంది.

గాంధారి దగ్గరి ఊరిలో శాంతవ్వ అనే ఆడమనిషి మక్కజొన్న కర్ర కోస్తుంటే కొడవలి మెడ దగ్గర విరిగి, ఎడమ చేతి రెండు వేళ్ళు లోతుగా తెగాయి. ఊరి మహిళా సంఘం వాళ్ళు ఫిర్యాదు రాయించారు. విరగడానికి కారణం మాన్యుఫాక్చరింగ్ డిఫెక్ట్. అమ్మిన భూపాల్ సేటు, స్టిక్కరు మీద పేరు తనదైనా తాను ఉత్త ట్రేడర్ననీ సరుకు చేసింది ఎల్లారెడ్డి ఆశన్న అనీ రాసి ఇచ్చాడు. కనుక మాన్యుఫాక్చరర్ ఫలానా తారీఖున వచ్చి జవాబు చెప్పుకోవాలి.

చూశారా ఆ మాట సామర్థ్యం? షెడ్డుకు కాగితం అడిగినప్పుడు ఆశన్న ఎంత వెదికినా దొరకలేదు. కరెంటు అడిగినప్పుడు అందలేదు. వేళ్ళు తెగిన రోజున మాత్రం ఎవరూ అడగకుండానే, రిజిస్టరు పోస్టులో, ఇంటి అడ్రసు వెతుక్కుంటూ వచ్చింది.

యాదవ్వ ఒక్క మాటే అడిగింది. “మన కొడవలి ఇరిగిందా?”

ఆశన్న లేచి షెడ్డులోకి పోయాడు. కేసు భయంతో కాదు. అతనికి నిజంగానే తెలియదు. ఎండాకాలం చివర యాదవ్వ భుజం నొప్పి బాగా ముదిరిన నెలలో చేసిన కొడవళ్ళలో అది ఒకటి కావచ్చు. దెబ్బ అరకొరగా పడితే ఇనుములో పొర మిగిలిపోతుంది, పైకి కనపడదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. షెడ్డులో ఆ నెలవి పద్దెనిమిది మిగిలి ఉంటే అన్నీ బయటికి తీశాడు. ఒక్కొక్కదాని ముక్కు దాగలి రంధ్రంలో దూర్చి వంచడం మొదలుపెట్టాడు. యాదవ్వ పక్కన కూర్చుని చూసింది.

ఏడోదో ఎనిమిదోదో వంచుతున్నప్పుడు అంది, “నా దెబ్బ సరిగ పడకనే అయ్యుంటది.”

“ఊకో,” అన్నాడు.

పద్దెనిమిదీ వంగాయి, పద్దెనిమిదీ తిరిగి మునుపటి వంపుకు వచ్చాయి. ఒక్కటీ విరగలేదు. అయినా అతనికి మనసు నిలబడలేదు. విరిగింది వీటిలోది కాదు కదా.

ఆ తారీఖున తండ్రీ కూతుళ్ళు కామారెడ్డి వెళ్ళారు. ఆశన్న సంచిలో తన కొడవలి ఒకటి వేసుకున్నాడు. ఆఫీసు అదే. గది పక్కది. కుర్చీ మారింది గానీ కూర్చున్న సారు కూడా ఆయనే, ఇన్‌చార్జి అట.

వాకిట్లోనే భూపాల్ సేటు ఎదురొచ్చి ఆశన్నను పక్కకు తీసుకుపోయి చాయ్ చెప్పాడు. సింధూజను కూడా రమ్మన్నాడు, ఆ అమ్మాయి రాలేదు గానీ వినపడేంత దూరంలోనే నిలబడింది.

“ఆశన్నా, నేను చెప్పేది మంచిగ ఇను. నాకు లైసెన్సుంది, నా మీద పడితే దుకాణం బందయితది. నీకు ఏ కాగితం లేదు, నిన్ను ఎవడు ఏం జెయ్యలేడు. నేనే చేసిన, తప్పయిందని ఒక మాటను. ముసల్దానికి నేను ఏదో ఇచ్చుకుంట. నీ సరుకు ఇప్పటి లెక్కనే తీసుకుంట, ఇంకా ఎక్కువ తీసుకుంట.”

“అది నేను చేసిందేనా సేటు?”

“నీదా ఇంకొకల్లదా అనేది ఇప్పుడెందుకు? కొడవలే గద.”

ఆశన్న చాయ్ గ్లాసు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఏడాదికి పన్నెండు వందల కొడవళ్ళు కొనే మనిషి ఈయన. ఈయన ఆటో రాకపోతే కొలిమి వారానికి రెండు రోజులు కూడా మండదు. ఒక్క మాటతో పోయేదేముంది? ఎలాగూ పేరు లేని మనిషి, కొత్తగా చెడేది ఏముంది? ఇంత చక్కటి సలహా ఇచ్చిన మనిషికి దండం పెట్టాల్సింది పోయి, తాగని చాయ్ గ్లాసు కట్ట మీద పెట్టి లోపలికి వెళ్ళాడు.

శాంతవ్వ అప్పటికే వచ్చి బల్ల మీద ఓ చివర కూర్చుంది. అరవై ఏళ్ళుంటాయి. ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని పైట కప్పుకుంది. ఆశన్న నమస్తే పెడితే తిరిగి పెట్టలేదు. చెయ్యి దాచుకుందో, కోపమో తెలియలేదు.

సారు ఫైలు తెరిచాడు. భూపాల్ సేటు ఒక బిల్లు ఆయన ముందు పెట్టాడు. పైన ఎర్రటి పెద్ద ఇంగ్లీషు అక్షరాలతో ‘ఆశన్న ఇంజనీరింగ్ వర్క్స్, ఎల్లారెడ్డి’ అని ఉంది. కింద ఇంగ్లీషులో వంకరలు తిరిగిన సంతకం. సింధూజ చదివి చెబితే ఆశన్న వంగి ఆ అక్షరాలు చూశాడు. బాగున్నాయి.

“ఇది ఏడున్నది సేటు?”

“ఎల్లారెడ్డిలనే గద.”

“నేను పుట్టింది పెరిగింది ఎల్లారెడ్డిలనే. ఎన్నడు చూడలె.”

“మా బాపు సంతకం తెలుగుల పెడతడు సార్,” అంది సింధూజ. తర్వాత తండ్రి చెవి దగ్గరికి వంగి, “బాపు, డిక్షనరీల రెండో అర్థం,” అంది. ఆ రోజు పట్టించుకోని మాట ఆశన్నకు ఇప్పుడు అర్థమైంది.

ఆ అమ్మాయి తన పుస్తకాల సంచిలోంచి ఇంకో కాగితం తీసి సారు ముందు పెట్టింది. ఎలాంటి మాన్యుఫాక్చరింగ్ కార్యకలాపం గమనించబడలేదని రాసిన కాగితం. సారు కింద సంతకం చూశాడు. తనదే. ఆయన ముఖం తేలికపడింది.

“ఇంక బాధే లేదు. ఆశన్నా, నువ్వు మాన్యుఫాక్చరర్‌వే కావు. ఈ కేసుల నీకు సంబంధం లేదు. ‘నేను ఏ వస్తువూ తయారు చేయను’ అని ఒక్క లైను రాసి సంతకం పెట్టి పో.”

కలం ముందుకు జరిపాడు. సింధూజ ఊపిరి పీల్చుకుంది. ఆ అమ్మాయి ఆ కాగితం తెచ్చింది ఈ మాట కోసమే.

ఆశన్న కలం వైపు చూశాడు. “రాయ సారూ.”

“ఏం?”

“చేస్త గద.”

“చేస్తే మరి దీనికి నువ్వే బాధ్యుడివి.”

“అది నాదయితే నేనే. ఒక్కసారి చూడనియ్యుండ్రి. నాదయితే నాదే అంట. నాది కాకుంటె కాదంట. కొడవళ్ళే చెయ్యనని ఎట్ల రాయాలె? నా పెండ్లాం చెయ్యి పోయింది వాటితోనే.”

బల్ల చివర శాంతవ్వ మొదటిసారి తలెత్తి అతన్ని చూసింది.

విరిగిన కొడవలి రెండు ముక్కలూ ఫైలుకు దారంతో కట్టి ఉన్నాయి. ఆశన్న చేతిలోకి తీసుకున్నాడు. విరిగిన చోట బొటనవేలితో రాశాడు. గోటితో పచ్చరంగు గీకాడు.

“ఇది కమాను పట్టి కాదు సారూ. రేకు. పలక కోసి, మెడ కాడ వెల్డింగ్ పెట్టిండ్రు. నేను ఒకటే ముక్క గుంజి చేస్త, అతుకుండది.”

“అది టెక్నికల్ ఒపీనియన్ అయితది. చెప్పేటందుకు నీకేమన్న సర్టిఫికెట్ ఉన్నదా?”

లేదు. ఎక్కడినుంచి వస్తుంది? అప్పుడు శాంతవ్వ తన గుడ్డసంచి విప్పింది. “గిది సూడుండ్రి. ఆ దినం సంఘపోల్లం నలుగురం కొన్నం. గిది మా చెల్లెది. భయానికి ఎవలు ముడతలేరు,” అని అలాంటిదే పచ్చపిడి కొడవలి తీసి ఇచ్చింది. దాని మీద కూడా స్టిక్కరు మెరుస్తోంది.

ఆశన్న సారును అడిగి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. ఆ కొడవలి ముక్కు కిటికీ చువ్వల మధ్య దూర్చి పిడి పట్టి వంచాడు. ఎక్కువ బలం కూడా పెట్టలేదు. టప్పుమని మెడ దగ్గర విరిగింది. తర్వాత సంచిలోంచి తనది తీసి అదే చువ్వల మధ్య పెట్టి వంచాడు. అది ధనుస్సులా వంగింది. వదిలాడు. లేచి తన వంపుకు తాను వచ్చి నిలబడింది.

సారు కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. “ఇంకోసారి,” అన్నాడు.

ఆశన్న మళ్ళీ వంచాడు. చప్పుడు విని పక్క గదుల్లోంచి నలుగురు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. వాళ్ళలో తనిఖీకి వచ్చిన మనిషి కూడా ఉన్నాడు. “ఈయన చేసింది గట్లనే ఉంటది సార్. మా ఇంట్ల కొబ్బరికాయల కత్తి ఈయన చేసిందే. రెండేండ్లయింది, పదును పోలే,” అన్నాడు ఉత్సాహంగా. సారు ఆయన వంక చూశాడు. తర్వాత బల్ల మీద ఉన్న తిరస్కరణ కాగితం వంక చూశాడు. తనిఖీ మనిషికి తన గదిలో ఏదో పని గుర్తుకొచ్చింది.

భూపాల్ సేటు అప్పటికి మెత్తబడ్డాడు. ఆశన్న దగ్గర సరుకు ఆలస్యమవుతోందని, యాదవ్వ భుజం బాగాలేని ఆ నెలల్లో, ఎక్కడినుంచో చవక సరుకు ఒక లాటు తెప్పించి అదే పచ్చరంగు వేయించాడు. చేసింది ఎవరో ఆయనకూ తెలియదట. సంచి మీద ఏ ఊరి పేరూ లేదట. ఈ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖంలో అబద్ధం లేదు.

నెల తిరిగేలోపు ఉత్తర్వు వచ్చింది. శాంతవ్వ వైద్యం ఖర్చు దుకాణం భరించాలి. మిగిలిన లాటు వెనక్కి తీసుకోవాలి. ఇంతవరకు న్యాయమే. చివరి పేజీలో ఒక గడి ఉంది. మాన్యుఫాక్చరర్ ఎవరు అన్నదానికి ఎదురుగా ‘నిర్ధారణ కాలేదు’ అని రాసి ఉంది. అంటే ఒక కొడవలి అమ్ముడైంది, విరిగింది, చెయ్యి కోసింది, కేసు నడిచింది. దాన్ని మాత్రం ఎవరూ చెయ్యలేదు. ఇంతటి అద్భుతం ఇంకే దేశంలో జరుగుతుంది చెప్పండి?

ఆశన్న సంగతీ చెప్పాలి. భూపాల్ సేటు ఆటో మళ్ళీ ఎల్లారెడ్డి రాలేదు. సుత్తె మిషనూ రాలేదు. మళ్ళీ దరఖాస్తు పెట్టుకోమని, ఈసారి ‘ఇతరములు’ అన్న గడిలో టిక్కు పెట్టమని సారే స్వయంగా సలహా ఇచ్చాడు. అది పరిశీలనలో ఉంది. యాదవ్వను సమ్మెట ముట్టనివ్వడం లేదు. పొద్దున కాలేజీ బస్సుకు ముందు ఒక గంట సింధూజ కొడుతోంది. దెబ్బ ఇంకా కుదరలేదు. కట్ట మీద కూర్చున్న యాదవ్వ “పక్కకు, పక్కకు” అంటూ ఉంటుంది. తన చెయ్యి నొప్పి పెట్టనప్పుడు కూడా దాన్ని పట్టుకునే అంటుంది.

పోయిన నెలలో శాంతవ్వ గాంధారి నుంచి ఆటోలు మారుకుంటూ కొలిమి వెతుక్కుని వచ్చింది. కుశల ప్రశ్నలేమీ లేవు. పైట పక్కకు తీసి ఎడమ చెయ్యి చూపించింది. కుట్లు మానాయి గానీ రెండు వేళ్ళు వంగడం లేదు.

“పిడికిట్లకు గడ్డి దొరుకుతలేదు కొడుకా. బర్రెకు ఎవలు కోసి ఏస్తరు?”

ఆశన్న ఆమె ఎడమ చేతిని తన చేతిలోకి తీసుకుని ఒక్కొక్క వేలూ వంచి చూశాడు. ఎంతవరకు వస్తుందో, ఎక్కడ ఆగుతుందో. తర్వాత షెడ్డు పక్క గడ్డి దగ్గర కూర్చోబెట్టి ఉత్త చేతులతో కోస్తున్నట్టు చెయ్యమన్నాడు. కాసేపు చూసి లేచాడు.

“వంపు ఎక్కువ పెడ్త అవ్వా. కొడవలే గడ్డిని దగ్గరికి గుంజుకొస్తది. ఈ చేత్తోని ఉత్తగ ఆపితే సాలు.”

కమాను పట్టీ ముక్క కాలింది. సింధూజ ఆ పూట కాలేజీకి పోలేదు. అతను మామూలు కంటే ముందుకు, దాదాపు నెలవంక మూసుకుపోయేంతగా ముక్కు వంచాడు. రెండుసార్లు నచ్చక మళ్ళీ కాల్చాడు. పిడి చెక్కి బిగించి ఇచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. శాంతవ్వ వెళ్ళి షెడ్డు పక్కన గడ్డి కోసింది. మొదటి పిడికిలి జారిపోయింది. రెండోది నిలిచింది. మూడోది, నాలుగోది కోసి, ఆ గడ్డి యాదవ్వ మేక ముందు వేసింది.

ఆటో కోసం రోడ్డు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చింది. కొడవలిని అటూ ఇటూ తిప్పి చూస్తోంది.

“దీని మీద ఏం అంటియ్యలేదు ఏంది? దుకాణంల తెచ్చినదాని మీద ఏందో రాసుండె.”

“ఏం రాయాలె అవ్వా?”

“నాకేం ఎరుక. మల్ల ఇది ఇరిగితే ఎవల్ని అడగాలె?”

“నన్నే అడుగు,” అన్నాడు ఆశన్న. “పొద్దుగాల ఏడింటికి వస్తె ఈడనే ఉంట.”